దేశమంతా బ్రాంచీలున్న పెద్ద హాస్పిటల్ మన దేవరకొండ, పాలమూరు దిక్కు ఎందుకు రాదు?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీరేమో బెంగళూరులో జాబ్, అమ్మానాన్న దేవరకొండ దగ్గర ఊర్ల, నాన్నకు రెండేండ్ల కింద స్టెంట్ పడ్డది. అపోలో వాళ్ళకి దేశమంతా 70 పైచిలుకు హాస్పిటళ్ళు ఉన్నయంటరు, మైసూరులో ఉంది, నెల్లూరులో ఉంది, కాకినాడలో ఉంది, మరి ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (మన పాలమూరు) రెండు జిల్లాలు కలిపినా అసొంటి పెద్ద హాస్పిటల్ ఒక్కటి ఎందుకు లేదు, ఇక ముందన్నా వస్తదా, అప్పటిదాకా నాన్నకు ఏమన్నా అయితే ఎటు తీస్కపోవాలె అని అడిగిన్రు.

సూటిగా చెప్తా. మనం హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నం కాబట్టి రాదు. వెనకబడ్డ జిల్లా అని కాదు, జనం లేరని కాదు, రోగాలు లేవని అసలే కాదు. బ్రాంచి పెట్టేటోళ్ళ లెక్కల వంద కిలోమీటర్లంటే "పేషెంట్ ఎట్లనన్నా మన దగ్గరికే వస్తడు" అని. అదే వంద కిలోమీటర్లు గుండె నొప్పి వచ్చినోనికి చానా దూరం. మన కష్టమంతా ఈ రెండు లెక్కల నడుమ ఉంది. దగ్గర్లో పది పదిహేనేండ్లల్ల దేవరకొండకి గానీ నాగర్‌కర్నూల్‌కి గానీ అసొంటి ఫుల్ హాస్పిటల్ వస్తదని నేనైతే అనుకోను, మీరు కూడా దాని మీద ఆశ పెట్టుకోని నాన్న ప్లాన్ ఆపొద్దు.

నేనెవరో చెప్పాలె కదా. 2001ల మహబూబ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోంల బిల్లింగ్ కౌంటర్ మీద చేరిన. తర్వాత హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ గ్రూపు (అపోలో కాదు, పేరు వద్దు) కొత్త బ్రాంచీలు ఎక్కడ పెట్టాలె అని ఊర్లు తిరిగి సర్వే చేసే టీంల తొమ్మిదేండ్లు చేసిన. ఇప్పుడు మళ్ళా పాలమూరులనే ఒక చిన్న హాస్పిటల్ అడ్మిన్ పని చూస్తున్న. డాక్టర్‌ని కాదు, మందుల సంగతి మీ కార్డియాలజిస్టునే అడగండి. హాస్పిటల్ ఏడ పెడతరు, ఏడ పెట్టరు, ఎందుకు, అది మాత్రం నా చేతుల మీద నడిచిన పని.

ముందు ఆ 70 అంకె సంగతి. అపోలో మొదటి హాస్పిటల్ 1983ల చెన్నైల గ్రీమ్స్ రోడ్డు మీద 150 పడకలతోని పెట్టిన్రు, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌ది 1988ల వచ్చింది, ఢిల్లీది 1996ల. ఇప్పుడు పడకలు పదివేల పైన, మెడికల్ షాపులైతే 6,000 పైన. ఆ 70ల అన్నీ జూబ్లీహిల్స్ అసొంటివి కావు, కాన్పుల కోసం పెట్టినవి, చిన్న ఆపరేషన్ చేసి అదే రోజు పంపించేవి కూడా అందులనే కలిసి ఉంటయి. ఇంక మన నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరులో జనం చూసే బోర్డు చానా వరకు ఫార్మసీది, లేకుంటే రక్తపరీక్షల శాంపిల్ తీస్కునే కౌంటర్‌ది. నా దగ్గరికే వచ్చి "సార్ బస్టాండ్ కాడ అపోలో ఉంది కదా, ఆడ గుండె డాక్టర్ ఉండడా" అని అడిగినోళ్ళు ఎంతమందో. షాపు పెట్టాలంటే ఒక మడిగె, ఒక ఫార్మసిస్టు, ఫ్రిజ్జు ఉంటే చాలు. గుండెకు స్టెంట్ వేసే క్యాత్ ల్యాబ్ పెట్టాలంటే మిషన్‌కే కోట్లు, దాని మీద రాత్రీ పగలూ అందుబాటులో ఉండే కార్డియాలజిస్టులు కనీసం ఇద్దరు ముగ్గురు, టెక్నీషియన్లు, ఐసీయూ నర్సులు, వెనక బ్లడ్ బ్యాంకు. రెండిటికీ బోర్డు ఒకటే రంగుల ఉంటది, అంతే.

ఇప్పుడు అసలు హాస్పిటళ్ళు ఏ ఊర్లల్ల ఉన్నయో మ్యాప్ మీద పెట్టి చూడండి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్, నవీ ముంబై, ఇవి ఎట్లాగూ మహానగరాలు. వాటి తర్వాత వరసల మదురై, తిరుచ్చి, మైసూరు, వైజాగ్, భువనేశ్వర్, నాసిక్, ఇండోర్, లక్నో, గువాహటి. ఆ తర్వాత నెల్లూరు, కాకినాడ, కరీంనగర్, కరూర్, కారైకుడి, బిలాస్‌పూర్ అసొంటివి. ఈ మూడో వరస మీద దృష్టి పెట్టండి, మన ప్రశ్నకు జవాబు ఆడనే ఉంది.

నెల్లూరు నుంచి చెన్నైకి దాదాపు 175 కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కి 160 దాకా. మైసూరు నుంచి బెంగళూరుకి 145 దాకా. కాకినాడ నుంచి వైజాగ్‌కి కూడా ఇంచుమించు అంతే. చూసిన్రా, అన్నీ పెద్ద సిటీకి నూటయాభై అటూ ఇటూ. ఇంకోటి, ఇవన్నీ చుట్టుపక్కల మూడు నాలుగు జిల్లాలకు పెద్దదిక్కు అసొంటి ఊర్లు. కరీంనగర్‌కు జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, మంచిర్యాల దిక్కు నుంచి జనం ఆటోమేటిక్‌గా వస్తరు. అపోలో వాళ్ళు చిన్న ఊర్ల కోసం రీచ్ అని పేరు పెట్టి తక్కువ ఖర్చుతోని నడిచే హాస్పిటళ్ళు మొదలుపెట్టినప్పుడు 2008ల ముందుగాల కరీంనగర్‌కే పోయిన్రు, పాలమూరుకు రాలే, నల్గొండకు రాలే. నేను ఆ టీంల ఉన్నా అదే రాద్దును, ఎందుకంటే నల్గొండోడు హైదరాబాద్ పోవాలంటే బస్సు ఎక్కితే రెండున్నర గంటలు, సొంత బండైతే ఇంకా తక్కువ. కరీంనగర్ అవతల ఊరోడు హైదరాబాద్ పోవాలంటే ఒక దినం పోతది.

బిలాస్‌పూర్ మరి రాయపూర్‌కి 115 కిలోమీటర్లే కదా అని మీరు అడగొచ్చు. అది మంచి ప్రశ్ననే. బిలాస్‌పూర్‌ల సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ అనే బొగ్గు కంపెనీ హెడ్డాఫీసు ఉంది, ఆ కంపెనీతోని కలిసే అక్కడ అపోలో పెట్టిన్రు. వేలమంది ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు, కంపెనీయే బిల్లు కడతది. హాస్పిటల్ తలుపు తెరిచిన మొదటి రోజు నుంచే పేషెంట్ గ్యారంటీ. ఢిల్లీది కూడా ఊకె రాలే, ఢిల్లీ ప్రభుత్వం జాగ ఇచ్చి వాటా పెట్టుకుని కట్టించింది, దానికి బదులు మూడో వంతు పడకలు పేదలకు ఫ్రీగా ఇవ్వాలని షరతు. ఆ షరతు మీద తర్వాత కోర్టుల దాకా పోయింది, అది వేరే కథ. ఎక్కడన్నా లెక్కకు మించి హాస్పిటల్ వచ్చిందంటే దాని వెనక జాగ ఇచ్చిన సర్కారో, బిల్లు కట్టే కంపెనీయో, కాదంటే ఓనర్ సొంతూరో ఉంటది. సొంతూరుకు ఉదాహరణ చిత్తూరు జిల్లా అరగొండ. అది అపోలో ప్రతాప్ రెడ్డి గారి ఊరు. పల్లెటూర్ల హాస్పిటల్ కట్టి టెలిమెడిసిన్ పెట్టిన్రు, 2000ల అమెరికా ప్రెసిడెంట్ క్లింటన్ ఇండియా వచ్చినప్పుడు దాన్ని మొదలుపెట్టిండు. అరగొండల ఉన్నప్పుడు మా ఊర్ల ఎందుకుండదు అని మాత్రం అనుకోవద్దు, దాని లెక్క వేరు.

మన దిక్కు బొగ్గు కంపెనీ అసొంటిది ఏముంది? హుజూర్‌నగర్, వాడపల్లి దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నయి, కానీ ఒక్కో ఫ్యాక్టరీల పర్మినెంట్ వర్కర్లు తక్కువ, కాంట్రాక్టు లేబర్ ఎక్కువ. దామరచర్ల దగ్గర పవర్ ప్లాంటు కట్టిన్రు. పాలమూరు దిక్కైతే మీకు తెలిసిందే, దేశమంతా డ్యాములు, రోడ్లు కట్టనీకె పోయినోళ్ళు మనోళ్ళే. ఏ ఊర్ల డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉండేటోళ్ళు, వాళ్ళ సొంతూర్ల మాత్రం నెలనెలా జీతం పడే ఇండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నగదు కట్టే పేషెంట్, ఇన్సూరెన్స్ ఉన్న పేషెంట్ ఇంతమంది ఉండాలె అని బ్రాంచి లెక్కల ఒక గీత ఉంటది. ఆ గీత కాడికి వచ్చేవరకు మన దిక్కు పేపర్ పక్కకు పోతుండె. నేను ఎన్నిసార్లు ఆ మీటింగులల్ల కూసున్ననో, సొంత జిల్లా పేరు కొట్టేస్తుంటే నోరు తెరవలేని పరిస్థితి.

సర్వే అంటే ఎట్ల చేస్తమో ఒకటి చెప్తా, మీకు అర్థమైతది. 2013ల మిర్యాలగూడ సర్వేకు పోయిన. మంచి ఊరు, రైస్ మిల్లులు, డబ్బున్నోళ్ళు ఉన్నరు, ఆంధ్ర దిక్కు నుంచి కూడా రాకపోకలు. జనాభా లెక్కలు అన్నీ ఆఫీసులనే దొరుకుతయి, ఊర్లకు పోయి చూసేది వేరే. నేను పొద్దుగాల ఐదింటికి హైదరాబాద్ పోయే బస్సుల కాడ నిలబడ్డ. చేతుల్ల ఎక్స్‌రే కవర్లు, సీటీ ఫిల్ములు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ సంచులు పట్టుకున్నోళ్ళు ఎంతమంది ఎక్కుతున్నరు అని చూసుడే పని. ఒక ముసలామె తన ఫైలు బియ్యం సంచిల చుట్టి కడుపుకు ఒత్తుకుని కూసుంది, కండక్టర్ పైన పెడతా ఇయ్యమ్మా అంటే "వద్దు బిడ్డా, నలిగితే డాక్టర్ చూడడు" అన్నది. తర్వాత రెండు మెడికల్ షాపులల్ల పొద్దంతా కూసుని వచ్చిన చీటీల మీద ఏ హాస్పిటల్ పేరుంది అని రాసుకున్న. బీపీ, షుగరు, జ్వరం చీటీలు లోకల్ డాక్టర్లవి. గుండె, కిడ్నీ, క్యాన్సర్, మెదడు చీటీలు దాదాపు అన్నీ హైదరాబాద్‌వి, అక్కడక్కడ గుంటూరు, విజయవాడవి.

నేను రిపోర్టు రాసిన, ఇక్కడ పేషెంట్లు మస్తుగ ఉన్నరు, బస్సుల పోతున్నరు, బ్రాంచి పెడితే నడుస్తది అని. మీటింగుల పెద్దసారు ఆ పేజీ చదివి ఒకటే మాట అన్నడు, "వీళ్ళందరూ ఇప్పటికే మన దగ్గరికే వస్తున్నరు కదా." అంతే, ఆ ఫైలు మళ్ళా తెరవలే. ఆ మాట ఇన్నేండ్లైనా మర్చిపోలే. వ్యాపారం లెక్కల ఆయన తప్పు లేదు, ఆ ముసలామె లెక్కల మాత్రం చానా తప్పుంది.

ఇంకో సంగతి డాక్టర్లు. బిల్డింగ్ కట్టొచ్చు, మిషన్ కొనొచ్చు, సూపర్ స్పెషలిస్టును ఊర్ల ఉంచుడు కష్టం. మా చిన్న హాస్పిటల్‌కే ఒక కార్డియాలజిస్టును తెద్దామని నేను ఒకాయన్ని కార్ల కూర్చోబెట్టుకుని పాలమూరు మొత్తం తిప్పిన. పిల్లలమర్రి చూపించిన, కొత్త కలెక్టరేట్ చూపించిన, ఇండ్లు చూపించిన. ఆయనకు నచ్చింది. వాళ్ళావిడ మాత్రం కారు దిగి మూడు ప్రశ్నలు అడిగింది, పిల్లలకు స్కూల్ ఏది, నేను కూడా డాక్టర్నే నాకు పని ఏది, రాత్రి కాల్ వస్తే ఈయనకు తోడు ఇంకో కార్డియాలజిస్టు ఎవరు. మూడో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒక్క డాక్టర్ రోజూ ఇరవైనాలుగు గంటలు డ్యూటీ చెయ్యలేడు కదా. ఆయన వారానికి ఒకరోజు వచ్చి ఓపీ చూసి పోతనన్నడు, ఇప్పుడు మన జిల్లా సెంటర్లల్ల చానామంది స్పెషలిస్టులు నడిచేది గట్లనే. ఆదివారమో గురువారమో వస్తరు, చూస్తరు, ఆపరేషన్ పడేవాళ్ళను హైదరాబాద్ రమ్మంటరు. దాన్ని నేను తప్పు పట్టను, దాని వల్ల చానామందికి రోగం ముందే దొరుకుతున్నది. కానీ అది హాస్పిటల్ కాదు, హాస్పిటల్‌కు పోయే దారి. ఊర్లల్ల పెట్టే ఫ్రీ క్యాంపులు కూడా అంతే, పోయి చూపించుకోండి, రిపోర్టులు చేతుల తీస్కోండి, అప్పటికప్పుడు వ్యాన్ ఎక్కమంటే మాత్రం ఇంకో డాక్టర్ మాట విన్నంక ఎక్కండి.

ఆరోగ్యశ్రీ గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే అది మొదలైంది మన దగ్గరనే. 2007 ఏప్రిల్ 1న ముందుగాల మూడు జిల్లాలల్ల పెట్టిన్రు, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. నేనప్పుడు బిల్లింగ్ కౌంటర్ మీదనే ఉన్న. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముడే. ఆ ఎండాకాలం నుంచి జనం లుంగీ మడతలకెళ్ళి తెల్ల రేషన్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టుడు మొదలైంది, చెమటకు కార్డు తడిసి అంచులు మెత్తబడి ఉండేవి, మేము ఫ్యాన్ కింద ఆరబెట్టి నంబర్ చూస్తుంటిమి. మస్తుమంది బతికిన్రు, ఇది నేను కండ్లతోని చూసింది. 2 లక్షల దాకా ఉన్న పరిమితి పెంచుకుంట వచ్చి 2023 డిసెంబర్‌ల తెలంగాణల 10 లక్షలు చేసిన్రు. అయితే కార్డు చేతికి వచ్చింది గానీ ఆపరేషన్ చేసే బల్ల హైదరాబాద్‌లనే ఉండె. పైసలు పేషెంట్ వెంట హైదరాబాద్ పోయినయి, హాస్పిటళ్ళు ఆడనే పెరిగినయి. పేషెంట్ బస్సు చార్జీలు, తోడు పోయినోళ్ళ కూలి, లాడ్జి కిరాయి ఏ స్కీముల రావు.

హాస్పిటల్ చెయిన్‌లు మనల్ని ఎట్ల దాటిపోయినయో చూడాలంటే ఎన్‌హెచ్ 44 ఎక్కండి. హైదరాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ చౌరస్తా, ఆ తర్వాత తుంగభద్ర దాటితే కర్నూలు. కిమ్స్ అనే ఇంకో పెద్ద చెయిన్ వాళ్ళు నెల్లూరుల మొదలుపెట్టి సికింద్రాబాద్ వచ్చి, ఒంగోలు, శ్రీకాకుళం, అనంతపురం, కర్నూలు దాకా పోయిన్రు. కర్నూలు హైదరాబాద్‌కి రెండువందల పైన దూరం, పక్కన పెద్ద సిటీ లేదు, పాత మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి డాక్టర్లు ఊర్లనే ఉంటరు. లెక్క కుదిరింది. నడుమ ఉన్న మన పాలమూరు మీదికెళ్ళి దూకి పోయిన్రు.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్తా, ఇది చదివే గద్వాల, అలంపూర్, మక్తల్ వాళ్ళ కోసం. మీకు దగ్గరి పెద్ద హాస్పిటల్ హైదరాబాద్ కాదు. నాలుగేండ్ల కింద గద్వాల దగ్గర ఊరి నుంచి మా దూరపు చుట్టం ఒకాయనకు పొద్దున పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, కుడి చేయి లేస్తలేదు. కొడుకు హైదరాబాద్‌ల ఉంటడని కార్ల పెట్టుకుని నూటతొంభై కిలోమీటర్లు ఇటే తెచ్చిన్రు. దారిల నాకు ఫోన్ చేసేసరికి జడ్చర్ల దాటిన్రు. మెదడుల నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇయ్యాలె, అది కూడా ముందు సీటీ తీసి రక్తం కారలేదని చూసినంకనే. వీళ్ళు చేరి, అడ్మిట్ అయ్యి, సీటీ అయ్యేసరికి ఐదు గంటలు దాటింది. అదే కర్నూలుకు అరవై కిలోమీటర్లు. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తడు, మాట పూర్తిగా రాలే. ఎవర్ని అంటం, మన తలల జిల్లా గీత, రాష్ట్రం గీత ఉంటయి, రక్తనాళానికి అవి తెల్వదు. నారాయణపేట, మక్తల్ వాళ్ళకు రాయచూరు, గద్వాల, అలంపూర్ వాళ్ళకు కర్నూలు, కోదాడ వాళ్ళకు ఖమ్మం ఇంకా దగ్గర, విజయవాడ కూడా వందనే. ఆరోగ్యశ్రీ కార్డు పక్క రాష్ట్రంల నడుస్తదా లేదా అనేది ముందే అడిగి తెల్సుకోండి, కానీ ప్రాణం మీదికి వచ్చిన నిమిషంల కార్డు కంటే ముందు దూరం చూడండి.

మరి ఈ ఖాళీ ఎవరు నింపాలె అంటే, నా అనుభవంల జవాబు ఒకటే, సర్కారు దవాఖాన. ప్రైవేటు చెయిన్ కట్టగలిగినోడు ఎక్కడున్నడు అని చూసి పెడతది, సర్కారు జనాభా చూసి పెట్టాలె. రూల్ ప్రకారం మైదాన ప్రాంతంల 5,000 మందికి ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), 1,20,000 మందికి 30 పడకల సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం). నల్లమల అసొంటి గిరిజన ప్రాంతంల అయితే 3,000, 20,000, 80,000. కాయితం మీద ఇది మంచి లెక్క. అందుకే అచ్చంపేట అవతల మన్ననూరు దిక్కు పాము కరిస్తే ఆ విరుగుడు ఇంజెక్షన్ ముందు దొరికేది సర్కారు దవాఖానలనే. పాము కాటుకు ఎవ్వరూ ప్రైవేటు వెతుకుకుంట టైం పోగొట్టొద్దు.

పెద్ద మార్పు మాత్రం మెడికల్ కాలేజీలతోని వచ్చింది. ప్రైవేటుల నార్కట్‌పల్లి కామినేని, పాలమూరు ఎస్‌వీఎస్ తొంభైల చివర్లనే వచ్చినయి. కార్పొరేట్ బ్రాంచి రాని ఊర్లకు ఇవి ఎందుకు వచ్చినయి అంటే మెడికల్ కాలేజీ లెక్క వేరు. కాలేజీ నడవాలంటే ఇన్ని పడకలు, ఇంతమంది పేషెంట్లు రోజూ ఉండాలని రూల్, జాగ కావాలె, అందుకే పేషెంట్ జేబు కంటే పేషెంట్ రావుడు ముఖ్యం. సర్కారు కాలేజీలు మహబూబ్‌నగర్‌ల 2016, నల్గొండ, సూర్యాపేటల 2019, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల 2022, గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరిల 2024. 2016కు ముందు ఉమ్మడి రెండు జిల్లాలల్ల ఒక్క సర్కారు మెడికల్ కాలేజీ లేదు, ఇప్పుడు దాదాపు జిల్లాకొకటి. కాలేజీ వచ్చిందంటే ప్రొఫెసర్లు, పీజీలు, రాత్రి డ్యూటీల మనిషి ఉంటడు. అన్నీ బాగున్నయని నేను చెప్పను, కొత్త కాలేజీలల్ల సూపర్ స్పెషాలిటీ ఇంకా తక్కువనే, బోర్డు మీద ఉన్న డిపార్ట్‌మెంట్ అన్నీ లోపల ఉండవు. కానీ ఫ్యాకల్టీ అంటూ ఊర్లకు వస్తే ఆడికెళ్ళే రేపు ప్రైవేటు క్యాత్ ల్యాబులు కూడా పుడతయి. కర్నూలుల జరిగింది అదే. కాబట్టి కార్పొరేట్ బ్రాంచి కావాలని అర్జీలు పెట్టే యువకులకు నేను చెప్పేది, జిల్లా మెడికల్ కాలేజీల కార్డియాలజీ, న్యూరో పోస్టులు నింపమని అడగండి. దానికి మనకు హక్కుంది, ప్రైవేటు బ్రాంచికి లేదు.

బీబీనగర్ ఎయిమ్స్ మన ఉమ్మడి నల్గొండలనే కదా అంటరు. అవును, 2018 డిసెంబర్‌ల మంజూరు అయ్యింది, 2019ల మొదటి బ్యాచ్ చేరింది. మంచి సంస్థ, ప్లాన్ చేసుకుని పోయే ఆపరేషన్లకు, రెండో అభిప్రాయానికి తప్పకుండా పోండి. కానీ అది వరంగల్ రోడ్డు మీద, హైదరాబాద్ పక్కకు ఉంటది. భువనగిరి, ఆలేరు, జనగామ వాళ్ళకు వరం. దేవరకొండ నుంచి ఎమర్జెన్సీల పోవాలంటే మాత్రం హైదరాబాద్ అంచు దాకా వచ్చి మళ్ళా తిరిగి పోయినట్టు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. మీ ఊరు కొండమల్లేపల్లి దగ్గర అని రాసిన్రు కాబట్టి దాని ప్రకారం చెప్తా. మీకు మూడు దారులు. ఏడెనిమిది కిలోమీటర్లల్ల దేవరకొండ ఏరియా హాస్పిటల్. అరవై దాకా నల్గొండ మెడికల్ కాలేజీ హాస్పిటల్. సాగర్ రోడ్డు మీద చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ వంద కిలోమీటర్ల దాకా పోతే హైదరాబాద్, ఆ దిక్కు ముందు తగిలేది ఎల్‌బీనగర్, సంతోష్‌నగర్ ఏరియా. అపోలోనే కావాలంటే జూబ్లీహిల్స్ దాకా ట్రాఫిక్‌ల పోవాల్సిన పని లేదు, కంచన్‌బాగ్ డీఆర్‌డీఓ దగ్గర వాళ్ళ బ్రాంచి ఉంది, మీ రోడ్డుకు అదే దగ్గర. ఆ బ్రాంచిల రాత్రిపూట క్యాత్ ల్యాబ్ నడుస్తదా అని ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి, ఏ చెయిన్ అయినా సరే బ్రాంచి బ్రాంచికి సౌకర్యం మారుతది.

ఛాతి నొప్పి వస్తే నేరుగా హైదరాబాద్ బయల్దేరుడు మన దిక్కు అందరూ చేసే తప్పు. రెండు గంటల రోడ్డు మీద ఏమీ లేదు, గుండె ఆగితే కార్ల ఎవరూ ఏం చెయ్యలేరు. ముందు 108కి కొట్టండి, వాళ్ళు రానీకె లేటైతే దేవరకొండ ఏరియా హాస్పిటల్‌కు చేర్చండి. ఈసీజీ తీస్తరు. గుండెపోటే అని తేలితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందా, ఇస్తరా అని గట్టిగ అడగండి, అది ఎంత తొందరగ పడితే గుండె కండ అంత మిగులుతది. ఆ తర్వాత ఆక్సిజన్, మానిటర్ ఉన్న అంబులెన్స్‌ల క్యాత్ ల్యాబ్ ఉన్న కాడికి. నిరుడు భూత్పూర్ దగ్గర ఒక రైతు పొలం కాడ నొప్పని కూలబడితే, ఆయన బామ్మర్ది హైదరాబాద్ అని పట్టుబట్టిండు, భార్య మాత్రం "ముందు పాలమూరు పెద్ద దవాఖానకే పోదాం" అని ఆటో తిప్పించింది. అర్ధగంటల ఈసీజీ, ఇంజెక్షన్ పడ్డది, సాయంత్రానికి హైదరాబాద్ పోయి స్టెంట్ వేయించుకుండు. వానాకాలం నాట్లు ఆయనే దగ్గరుండి చేయించిండు. ఆమె చదువుకోలే, దూరం లెక్క మాత్రం ఆమెకే సరిగ్గ తెలిసింది.

ఈ వారంల మీరు చెయ్యాల్సిన పనులు రాస్తున్న. నాన్న పాత ఈసీజీ, డిశ్చార్జ్ సమ్మరీ, స్టెంట్ కార్డు మూడు ఫోటో తీసి అమ్మ ఫోన్‌ల, మీ ఫోన్‌ల, పక్కింటోళ్ళ పోరగాని ఫోన్‌ల పెట్టండి. ఒరిజినల్స్ ఒక కవర్ల వేసి తలుపు వెనక మొలకు తగిలించండి, బీరువాల తాళమేసి పెడితే ఆ టైంకు తాళంచెవి దొరకదు. నొప్పి వస్తే ఇంట్ల ముందుగాల ఏ గోలీ వెయ్యాలె అని మీ కార్డియాలజిస్టుతోని రాయించుకోండి, తెలుగుల పెద్ద అక్షరాలతోని రాసి గోడకు అంటించండి. మీకు కంపెనీ ఇన్సూరెన్స్‌ల నాన్న పేరుందా, ఉంటే క్యాష్‌లెస్ లిస్టుల నల్గొండల ఏవి, ఎల్‌బీనగర్ దిక్కు ఏవి అని చూసుకోండి. ఆ లిస్టు కూడా సేమ్ మ్యాప్ లెక్కనే ఉంటది, హైదరాబాద్‌ల వందలు, జిల్లాల వేళ్ళ మీద. ఊర్ల కారున్నోళ్ళు ఇద్దరి నంబర్లు, వాళ్ళల్ల రాత్రి ఫోన్ ఎత్తేటోడు ఎవడో అది కూడా అమ్మకు తెల్వాలె.

మూడు నెలలకొకసారి చెకప్‌కు హైదరాబాద్ దాకా తిప్పే అవసరం ఉందో లేదో మీ డాక్టర్‌నే అడగండి. చానా మందికి మధ్యల రెండు చెకప్‌లు నల్గొండల చేయించి, వీడియో కాల్‌ల రిపోర్టు చూపిస్తే సరిపోతది. అమ్మకు ఆ బస్సు ప్రయాణం తప్పుతది.

నాన్నకు స్టెంట్ వేసింది ఏ నెలల, ఇప్పుడు రక్తం పల్చబడే గోలీలు ఎన్ని వాడుతున్నరు, షుగర్ ఉందా, ఇవి కింద రాయండి. ఏరియా హాస్పిటల్‌ల రాత్రిపూట ఈసీజీ తీసే మనిషి ఇప్పుడు ఉంటుండా లేదా అనేది నేను మా పాత దోస్తుల ద్వారా కనుక్కోని రేపు సాయంత్రానికి ఇక్కడనే చెప్తా. దేవరకొండోళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఈ మధ్య రాత్రి ఎమర్జెన్సీకి పోయినోళ్ళుంటే, మీరు కూడా రాయండి.